ముందు ఎక్కడ తెగిందో చూడండి: చెవుడు, చెవి ముక్కు గొంతు సమస్యల మీద ఇంటివాళ్ళకొక సమగ్ర మార్గదర్శి

మా నాయన చిత్తూరు దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. పని మానేసి తిరుపతిలో మా ఇంటికి వచ్చాక ఒకరోజు పొద్దున అమ్మ వంటింట్లోంచి "పాలు కావాలా?" అని కేకేసింది. నాయన పేపరు దించి, మోకాలు ఒకసారి తడుముకుని, "కాలికేం? బాగనే ఉండాది" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నెలలోనే అట్లాంటివి ఇంకో నాలుగు జరిగేసరికి నవ్వు రాలేదు. అడిగితే మాత్రం ఒకటే మాట: "నాకు బాగనే వినపడతాది, మీరే గొణుగుతారు."

అప్పుడు మేం చేసిన తప్పు చాలా ఇళ్ళలో చేసేదే. పరీక్ష లేకుండా ఒక దుకాణానికి వెళ్ళి చెవి మిషను కొనేశాం. పెట్టుకుంటే గిన్నెలు, ఫ్యాను, ఆటో హారన్లు అన్నీ మీద పడుతున్నాయి గానీ మాట మాత్రం తెలియడం లేదన్నాడు. మూడు వారాలకు అది బీరువాలోకి పోయింది. చాలా రోజుల తర్వాత ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన మిషను సంగతే ఎత్తలేదు. "లోపం చెవిలో ఏ భాగంలో ఉందో చూశారా?" అన్నారు. మేం చూడలేదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. చుక్కల మందు వేసేముందు, మిషను కొనేముందు, "వయసు అయిపోయింది, ఇంతే" అని వదిలేసేముందు, శబ్దం నడిచే దారి ఎక్కడ తెగిందో తెలుసుకోవాలి.

మొదటి మెట్టు: శబ్దం నడిచే దారి తెలుసుకోండి

దారికి మూడు ముక్కలున్నాయి. చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా బయటి చెవి. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది మధ్య చెవి. అందులో ఒకదానికొకటి తగులుకున్న మూడు బుల్లి ఎముకలుంటాయి. మూడోదైన స్టేపిస్ మనిషి ఒంట్లోని ఎముకలన్నిటిలోకీ చిన్నది. ఆ తర్వాత నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవి. దాని పేరు కాక్లియా. అందులోని సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు కదలికను కరెంటుగా మార్చి నరం ద్వారా మెదడుకు పంపుతాయి.

మొదటి రెండు ముక్కల్లో అడ్డం పడితే అది దారి మూసుకుపోవడం. గులిమి, నీరు, చీము, కర్ణభేరికి చిల్లు, ఎముక బిగుసుకుపోవడం ఈ కోవలోకి వస్తాయి. వీటిలో చాలావాటిని మందుతోనో ఆపరేషన్‌తోనో సరిచేయవచ్చు. మూడో ముక్క దెబ్బతింటే అది నరం చెవుడు. ఆ వెంట్రుక కణాలు పోతే మనిషికి మళ్ళీ మొలవవు. అక్కడ మిషను, శిక్షణ, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంటు (ఆపరేషన్ చేసి కాక్లియాలో అమర్చే పరికరం) పనిచేస్తాయి. రెండు లోపాలూ కలిసి ఉండేవాళ్ళూ ఉన్నారు.

ముక్కుకీ చెవికీ సంబంధం ఏమిటో తిరుపతి వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయినట్టవుతాయి. గుటక వేస్తే టక్కున తెరుచుకుంటాయి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, మధ్య చెవిలో పాత ఒత్తిడే ఉంటుంది. రెండిటినీ సమం చేసేది ముక్కు వెనక నుంచి మధ్య చెవికి పోయే సన్నటి గొట్టం, యూస్టేషియన్ ట్యూబు. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుంటుంది. దిగేటప్పుడు అది తేలిగ్గా తెరుచుకోదు, అందుకే కొండ దిగేటప్పుడే చెవులు ఎక్కువ పట్టేస్తాయి. రొంప పట్టినప్పుడు, అలర్జీ ఉన్నప్పుడు, పిల్లలకు ముక్కు వెనకుండే అడినాయిడ్స్ కండ పెరిగినప్పుడు ఆ గొట్టం ముక్కు వైపు నుంచే వాచి మూసుకుంటుంది. కాబట్టి చెవి బాధ అని వెళితే డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూస్తే ఆశ్చర్యపోవద్దు. చంటిపిల్లలతో కొండ దిగుతుంటే పాలు పట్టండి. వాళ్ళు చప్పరించి మింగడమే ఆ గొట్టాన్ని తెరుస్తుంది.

రెండో మెట్టు: ఇంట్లో గమనించండి, రాసిపెట్టండి

వినికిడి తగ్గిందని ముందు తెలిసేది ఆ మనిషికి కాదు, ఇంటివాళ్ళకు. టీవీ సౌండు పెరుగుతుంది. ఫోను ఎప్పుడూ ఒకే చెవికి పెడతారు. నలుగురు కూర్చున్న చోట మౌనమైపోతారు. "ఆఁ?" అనడం ఎక్కువవుతుంది. పెళ్ళికి రమ్మంటే రానంటారు. మా నాయన తన స్నేహితుల దగ్గరికి టీ కొట్టుకు పోవడం మానేసినప్పుడు మోకాళ్ళ నొప్పి అనుకున్నాం. అది చెవి అని తర్వాత తెలిసింది.

డాక్టరుకు పనికొచ్చేవి ఇవి: ఒక చెవా రెండు చెవులా, ఒక్కసారిగా పోయిందా మెల్లగా తగ్గిందా, చీము కారుతుందా, హోరు ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా, పెద్ద చప్పుళ్ళలో ఎన్నేళ్ళు పని, షుగరు బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడారు. మందుల సంగతి ముఖ్యం. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, కాన్సరుకు ఇచ్చే సిస్‌ప్లాటిన్ కాక్లియా కణాలను దెబ్బతీయగలవు. ప్రాణం నిలవడానికి వాటిని వాడక తప్పని పరిస్థితులుంటాయి. వాడినట్టు డాక్టరుకు చెప్పడమే మన పని.

ఒక చెవిలోనే తగ్గితే ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పెదాలు మూసి "మ్మ్..." అని ఒకే శ్రుతిలో మూలగమనండి. ఆ శబ్దం ఏ చెవిలో గట్టిగా మోగుతుందో అడగండి. వినపడని చెవిలోనే గట్టిగా మోగితే బహుశా దారి మూసుకుంది, గులిమో నీరో కావచ్చు. బాగున్న చెవి వైపే మోగితే నరం వైపు అనుమానించాలి. నమ్మకం కుదరకపోతే మీ చెవి ఒకటి వేలితో మూసి మూలగండి. మూసిన వైపే మోగుతుంది. డాక్టరు 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును నుదుటి మీద పెట్టి చూసేదీ ఇలాంటిదే. ఇంటి పరీక్ష అనుమానం వరకే, దాంతో వైద్యం తేల్చుకోకూడదు.

మూడో మెట్టు: ఆగకూడని సందర్భాలు

ఒక చెవి రాత్రికి రాత్రే, లేదా మూడు రోజుల లోపల పోతే అది అత్యవసరం. పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకున్నట్టుంటే చాలామంది గులిమి అనుకుని వారాలు గడిపేస్తారు. అది హఠాత్తుగా వచ్చే నరం చెవుడైతే స్టెరాయిడ్ మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి, ఆడియోగ్రామ్ (వినికిడిని గీతగా చూపే పరీక్ష) తీయాలి. "చుక్కలు వేసుకుని పది రోజులాగి రా" అనే సలహా ఎవరిచ్చినా ఈ విషయంలో వినకండి.

చీము చెవి ఉన్నవాళ్ళకు మూతి వంకరపోయినా, చెవి వెనక ఎముక మీద వాచినా, జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి వచ్చినా ఆసుపత్రికే. పిల్లలు ముక్కులోనో చెవిలోనో బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ దూర్చుకుంటే ఏ చుక్కలూ వేయకుండా వెంటనే తీసుకెళ్ళాలి. అది కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. చింతగింజ, శనగ, చెనక్కాయ గింజ లాంటివైతే నీళ్ళు పోయకూడదు, ఉబ్బి ఇరుక్కుంటాయి. పురుగు దూరి గిలగిలలాడుతుంటే గోరువెచ్చటి కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే అది చస్తుంది, నొప్పి ఆగుతుంది. తీయించుకోవడం తర్వాత ఆసుపత్రిలో. చెవికి ముందు నుంచీ చిల్లు, చీము ఉంటే మాత్రం ఆ నూనె కూడా వద్దు.

నాలుగో మెట్టు: ఎక్కడికి వెళ్ళాలి, ఏ పరీక్షలు

తిరుపతిలో రుయా ఆసుపత్రి ఈఎన్‌టీ ఓపీ ఉంది. ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ప్రభుత్వాసుపత్రి అది. స్విమ్స్‌లోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. చిత్తూరు వాళ్ళకు జిల్లా ఆసుపత్రి దగ్గర, వేలూరు సీఎంసీ కూడా దూరమేమీ కాదు. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోండి. పాత మందుల చీటీలు, ఆధార్, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి. వినపడని మనిషిని ఒంటరిగా పంపవద్దు. పేరు పిలిస్తే వినపడక వరస తప్పిపోతుంది. డాక్టరు చెప్పింది సగమే అర్థమై తలూపి వచ్చేస్తారు.

డాక్టరు లోపల చూసి గులిమి ఉంటే ముందు తీస్తారు. ఆ తర్వాత ఆడియాలజిస్టు పరీక్ష. బయటి చప్పుడు చొరని గదిలో హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. ఆ తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి మళ్ళీ వినిపిస్తారు. మొదటిది గాలి దారి, రెండోది ఎముక దారి. ఎముక దారిలో బాగా వినిపించి గాలి దారిలో వినిపించకపోతే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. రెండూ ఒకేలా తగ్గితే నరం. టింపనోగ్రామ్ అనే ఇంకో పరీక్షలో చెవిలోకి కొంచెం గాలి ఒత్తిడి పంపి కర్ణభేరి కదులుతుందా చూస్తారు. గీత గోపురంలా లేవకుండా చదునుగా వస్తే చాలాసార్లు వెనక నీరు చేరిందనో, చిల్లు ఉందనో అర్థం.

ఆడియోగ్రామ్ కాగితం చేతికిచ్చాక మడిచి జేబులో పెట్టుకోకండి. చదవడం కష్టం కాదు. అడ్డంగా ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. మృదంగం బొజ్జ శబ్దం ఎడమ వైపు, పిచ్చుక కిచకిచ కుడి వైపు అనుకోండి. నిలువుగా పైన సున్నా, కిందికి పోయేకొద్దీ డెసిబెల్స్ పెరుగుతాయి. గీత ఎంత కింద ఉంటే వినికిడి అంత తక్కువ. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి.

మా నాయన ఎడమ చెవి గీత 500 దగ్గర 25, 1000 దగ్గర 30, 2000 దగ్గర 50, 4000 దగ్గర 75 దాకా దిగి, 8000 దగ్గర మళ్ళీ 65కి లేచింది. 4000 దగ్గర పడ్డ ఆ గుంటే పెద్ద చప్పుళ్ళలో పనిచేసిన చెవి ఆనవాలు. ఆడియాలజిస్టమ్మ గ్రానైట్ అని మేం చెప్పకముందే "ఏ మిషన్ల దగ్గర పనిచేశారు?" అంది. ఆ నాలుగు అంకెలూ, 25, 30, 50, 75, కలిపి నాలుగుతో భాగిస్తే 45. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 20 లోపు మామూలు, 20 నుంచి 35 దాకా స్వల్పం, 35 నుంచి 50 ఒక మోస్తరు, 50 నుంచి 65 ఒక మోస్తరు కంటే ఎక్కువ, 65 నుంచి 80 తీవ్రం, 80 నుంచి 95 అతి తీవ్రం, 95 దాటితే పూర్తి చెవుడు. 45 అంటే ఒక మోస్తరు. కానీ సగటు అంకె అసలు కథ చెప్పదు, గీత ఆకారం చెబుతుంది. అచ్చులన్నీ కాగితం మీద ఎడమ వైపు గట్టిగా ఉంటాయి, ఆయనకు వినిపిస్తాయి. స, శ, త, ప, క లాంటి హల్లుల పదును కుడి వైపు సన్నగా ఉంటుంది, అది తెగిపోయింది. "పాలు"లో "ఆ", "లు" చెవికి చేరాయి. "ప" చేరలేదు. మెదడు దానికి తోచిన హల్లు పెట్టుకుని "కాలు" చేసింది. "శబ్దం వినపడతాది, మాట తెలీదు" అని ఆయన అన్నది అక్షరాలా నిజం. అందరం కలిసి ఆయన్ని మొండివాడనుకున్నాం.

ఐదో మెట్టు: తెగిన చోటును బట్టి వైద్యం

గులిమి. ఇది మురికి కాదు, చెవి తనను తాను కాపాడుకునే పూత. చెవి లోపలి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ దాన్ని తనే తెచ్చి పడేస్తుంది. బడ్స్ పెట్టి తిప్పితే కొంచెం బయటికొచ్చి, మిగతాది లోపలికి దట్టంగా కూరుకుంటుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం అస్సలు వద్దు. బస్టాండుల దగ్గర, జాతరల్లో ఇనుప పుల్లతో గులిమి తీసేవాళ్ళకు చెవి అప్పగించవద్దు. పుష్కరిణిలో మునిగాకో, శనివారం తలంటు పోసుకున్నాకో చెవి ఒక్కసారిగా మూసుకుందంటే చాలాసార్లు నీటికి గులిమి ఉబ్బినట్టు. డాక్టరు చెప్పిన మెత్తబరిచే చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు వేసి తీయించుకుంటే అయిపోతుంది.

బూజు. చెవి దురద, మూసుకున్నట్టుండటం, లోపల తడిసిన కాగితం ముక్కలా తెల్లగానో నల్ల చుక్కలతోనో కనిపించడం. తరచూ నూనె పోసే చెవుల్లో, తడిగా ఉండే చెవుల్లో వస్తుంది. వెల్లుల్లి కాచిన నూనె పోస్తే తగ్గుతుందని పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ నూనే బూజుకు మేత. డాక్టరు సక్షన్‌తో శుభ్రం చేసి బూజు మందు ఇస్తారు. చెవి పొడిగా ఉంచుకోవాలి.

చీము చెవి. ఇక్కడ కాస్త ఆగి చదవండి. పల్లెల్లో దీన్ని పిల్లల మామూలు జబ్బుగా తీసేస్తారు, "పెద్దయ్యాక అదే పోతుంది" అంటారు. జలుబు చేసినప్పుడల్లా పలచగా, వాసన లేకుండా కారితే అది సాధారణంగా కర్ణభేరి మధ్యలో చిల్లు. చుక్కలతో ఆరబెట్టి, కొన్నాళ్ళు పొడిగా ఉంటే చిల్లు పూడ్చే ఆపరేషన్ చేస్తారు, అదే టింపనోప్లాస్టీ. కొంచెమే కారుతూ కుళ్ళు వాసన వస్తే, రక్తం కలిసి వస్తే వేరే సంగతి. కొలెస్టియటోమా అనే చర్మపు పొట్లం లోపల పెరుగుతూ ఎముకను తినేస్తూ ఉండవచ్చు. అది చెవిలో ఆగదు. ముఖం నరానికి, మెదడు పొరలకు చేరగలదు. దానికి ఆపరేషనే దారి, చుక్కల మందుతో ఏళ్ళు గడపకూడదు. రెండింటిలో ఏదైనా చెవిలోకి నీళ్ళు పోకూడదు. స్నానానికి ముందు దూదికి వాజిలిన్ బాగా పట్టించి చెవి ద్వారానికి పెట్టుకోండి. చెరువులో, కోనేట్లో మునకలు వద్దు.

పిల్లల్లో నీటి చెవి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. బడిలో టీచరు "ధ్యాస పెట్టడు" అంటారు. నోరు తెరిచి నిద్రపోతాడు, గురక పెడతాడు. అడినాయిడ్స్ పెరిగి ఆ ఘాట్ రోడ్డు గొట్టం మూసుకోవడం వల్ల కర్ణభేరి వెనక జిగురు నీరు నిలుస్తుంది. చాలామందికి మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి డాక్టరు ఆగి చూస్తారు. తగ్గకపోతే అడినాయిడ్స్ తీయడం, కర్ణభేరికి గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టడం. ఆ పిల్లాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టమని ఈలోగా టీచరుకు చెప్పండి. తిట్టడం మానమని కూడా చెప్పండి.

ఓటోస్క్లెరోసిస్. స్టేపిస్ ఎముక బిగుసుకుపోయే జబ్బు. ఆడవాళ్ళలో ఎక్కువ. కొందరికి గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువైనట్టు కనిపిస్తుంది. కర్ణభేరి చూడటానికి మామూలుగానే ఉంటుంది, అందుకని ఆడియోగ్రామ్ లేకుండా దొరకదు. ఆపరేషన్‌తోనో మిషనుతోనో బాగా వినవచ్చు.

చప్పుడు చెవుడు, వయసు చెవుడు. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితే తప్ప మాట్లాడలేకపోతున్నారంటే అక్కడ చప్పుడు 85 డెసిబెల్స్ దాటిందనుకోండి. 85 దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ హద్దు సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 100కి పావుగంట. రాళ్ళు కోసేవాళ్ళు, జాతరలో డీజే బండి పక్కన, తప్పెట్ల మధ్య గంటలు గడిపేవాళ్ళు స్పంజి ఇయర్ ప్లగ్గులు వాడాలి. వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి, రెండో చేత్తో చెవి డొప్పను పైకి వెనక్కి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోవాలి. దూది చాలదు.

ఆరో మెట్టు: చంటిపిల్లల విషయంలో గడియారం చూడండి

మాట నేర్చుకునే మెదడు ఎదురుచూడదు. నెల లోపల పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల మిషనూ శిక్షణా మొదలు: ప్రపంచమంతా వైద్యులు పెట్టుకున్న గడువులు ఇవి. పుట్టిన పాపకు చేసే ఓఏఈ పరీక్షలో చెవిలో మెత్తటి బుడిపె పెడతారు, కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు. అందులో ఆగిపోతే బెరా పరీక్షలో పాపను నిద్రపుచ్చి నరం దాకా చూస్తారు. ఒకసారి ఫెయిలైనంత మాత్రాన చెవిటి అని కాదు. మళ్ళీ చేయించకుండా ఊరుకోవడమే ప్రమాదం.

పళ్ళెం కొడితే తిరిగి చూసింది కాబట్టి వినపడుతుందని అనుకోవద్దు. అదురు తెలిసి, నీడ కదిలి కూడా తిరుగుతారు. వినపడని పాప కూడా మొదటి నెలల్లో "ఊ, ఆ" అంటుంది. పది నెలలకు "తాతా, మామా" లాంటి పలుకులు రావాలి, పేరు పిలిస్తే చూడాలి. లేకపోతే "మగపిల్లలకు మాట ఆలస్యం" అని చెప్పే చుట్టాల మాట పక్కన పెట్టి వెళ్ళండి.

నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, కామెర్లు ముదిరినవాళ్ళు, ఐసీయూలో ఉన్నవాళ్ళు, మెదడువాపు వచ్చినవాళ్ళకు పరీక్ష తప్పనిసరి. మేనరికం చేసుకున్న ఇళ్ళలోనూ అంతే. మన వైపు అక్కకూతురినో మేనమరదలినో చేసుకోవడం ఆనవాయితీ. తప్పొప్పుల తీర్పు చెప్పడం లేదు. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం అలాంటి పెళ్ళిళ్ళలో పెరుగుతుంది కాబట్టి చెబుతున్నాను. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తప్పించవద్దు. గర్భిణికి రుబెల్లా వస్తే బిడ్డ చెవులు పోగలవు. గవదబిళ్ళలు కూడా ఒక చెవిని పూర్తిగా తీసేయగలవు. నీళ్ళు పోసేటప్పుడు చెవుల్లో నూనె పోయడం, ముక్కులో ఊదడం మాన్పించండి.

అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం 18 ఏళ్ళ లోపు పిల్లలను చూస్తుంది. 2013లో మొదలైన కేంద్ర కార్యక్రమమిది. కాక్లియర్ ఇంప్లాంటు అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, కౌంటర్లో వయసు నిబంధన వెంటనే అడగండి, ఆలస్యం చేస్తే వయసు దాటిపోతుంది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం కేంద్రంలో చిన్నపిల్లలకు తల్లులతో పాటు శిక్షణ ఇస్తారు. పెద్దపిల్లలకు ఎస్వీ బధిర పాఠశాల ఉంది. ఇంప్లాంటు పెట్టగానే పిల్ల మాట్లాడదు. రోజూ ఇంట్లో మాట్లాడించే అమ్మానాన్నల పని అప్పుడే మొదలవుతుంది.

ఏడో మెట్టు: ముక్కు, గొంతు

ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి, రక్తం కడుపులోకి పోయి వాంతవుతుంది. కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచి, ముక్కు దూలం ఎముక కాకుండా కింది మెత్తటి భాగం రెండు వేళ్ళతో గట్టిగా పట్టి, గడియారం చూసి పది పదిహేను నిమిషాలు వదలకుండా ఉంచండి. మధ్యలో తీసి చూడొద్దు. ఆగకపోతే ఆసుపత్రి. పెద్దవాళ్ళయితే బీపీ చూపించండి.

ముక్కు దిబ్బడకు మెడికల్ షాపులో కొనే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు ఐదు రోజులు దాటి వాడితే, మందు ఆపగానే ముక్కు ఇంకా మూసుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు. అలర్జీకి డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. అది రోజూ వాడాలి, గుణం తెలియడానికి వారం రెండు వారాలు పట్టవచ్చు. తల కాస్త వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మధ్య దూలం వైపు కాకుండా బయటికి చెవి వైపు కొట్టండి. దూలానికి తగిలితే రక్తం వస్తుంది.

టాన్సిల్స్ ఒకసారి వాచగానే తీసేయరు. ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్ళుగా ఏడాదికి ఐదేసి సార్లు, లేదా మూడేళ్ళుగా ఏడాదికి మూడేసి సార్లు గట్టిగా వస్తే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. గొంతు బొంగురు మూడు వారాలు దాటి ఉంటే స్వరపేటికను చూపించుకోవాలి. బీడీ, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళు ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. మెడలో గడ్డ, నోట్లో మానని పుండు, మింగుతుంటే అడ్డం పడటం కూడా అంతే. స్వరపేటిక కాన్సరు మొదట్లోనే దొరికితే చాలామందికి నయమవుతుంది.

ఎనిమిదో మెట్టు: మిషను కొనడం, అలవాటు చేయడం

ఆడియోగ్రామ్ లేకుండా మిషను కొనడం కళ్ళు పరీక్షించకుండా అద్దాలు కొనడమే. నాయన మొదటి మిషను అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచింది. ఆయనకు కాగితం మీద ఎడమ వైపున్న లావు శబ్దాలు పెంచాల్సిన పనే లేదు, కుడి వైపున్న సన్నటి శబ్దాలే పెంచాలి. రెండోసారి ఆయన గీతకు తగ్గట్టు కంప్యూటరుతో ప్రోగ్రామ్ చేశారు. రెండు చెవులకూ తగ్గితే రెండూ పెట్టుకోవడం మేలు, మాట ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. కొనేముందు కొన్నాళ్ళు ఇంట్లో వాడి చూసే వీలు, తర్వాత ఎన్నిసార్లు సెట్టింగు మారుస్తారు, రిపేరు ఎక్కడ, ఈ మూడూ అడగండి.

మొదటి వారం నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో రెండు మూడు గంటలు. తర్వాత వీధి అరుగు. పెళ్ళిళ్ళు, సంతలు అన్నిటికన్నా చివర. ఏళ్ళ తర్వాత ఫ్యాను చప్పుడు విన్న మెదడుకు ఏది వదిలేయాలో నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. బ్యాటరీ జింక్ ఎయిర్ రకమైతే స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టండి, స్టిక్కరు తీసినప్పటి నుంచే అది ఖర్చవుతుంది. తలంటుకు ముందు, కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేముందు మిషను తీసి డబ్బాలో పెట్టండి. మన ఎండాకాలపు చెమట దానికి శత్రువు, రాత్రి సిలికా జెల్ డబ్బాలో ఉంచండి.

మిషను పెట్టాక కూడా ఇంటివాళ్ళ అలవాటు మారాలి. అమ్మ ఇప్పుడు వంటింట్లోంచి అరవదు. వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా నిలబడి అడుగుతుంది. అరిస్తే మాట వంకరపోతుంది, మామూలు గొంతుతో కాస్త నిదానంగా చెప్పాలి. అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ అనకుండా మాట మార్చండి: "పాలు" తెలియకపోతే "తాగడానికి పాలు కాచాను" అనండి.

లోపం ఎక్కువగా ఉంటే గ్రామ, వార్డు సచివాలయంలో సదరం (వికలాంగత నిర్ధారణ) స్లాటు బుక్ చేసుకోండి. 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే పథకాలకు అర్హత. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తక్కువ, 70 దాటితే బధిరులు. 45 దగ్గరున్న మా నాయనకు అది రాదు, మిషను మాత్రం కావాలి. సర్టిఫికెట్ రాలేదు కాబట్టి జబ్బు లేదని అనుకోకండి.

ఏడాదికొకసారి ఆడియోగ్రామ్ మళ్ళీ తీయించాలి. నాయనవి రెండు కాగితాలు అమ్మ బీరువాలో రేషన్ కార్డు పక్కన ఉన్నాయి. మొన్న రెండూ లైటుకు పట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాం. గీత ఒక్క చోట ఐదు డెసిబెల్స్ దిగింది, మిగతాదంతా నిలబడింది. నాయన ఆ కాగితాలు తీసి తనే మడిచి, టీ కొట్టుకు పోయొస్తానని చెప్పు తొడుక్కున్నాడు.